డిసెంబర్ 31 రాత్రి చర్చి ఆవరణలో ‘చీకటి గదుల నడక’ ఎలా వేయాలి

మాది నకిరేకల్ దగ్గర ఒక ఊరు. ఇరవై ఎనిమిదేళ్లుగా టెంట్ హౌస్ నడుపుతున్నాను. పెళ్లి పందిరి వేసిన ఇంటికే కొన్నేళ్లకు దినకర్మ షామియానా కూడా నేనే వేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. మా క్రైస్తవ సంఘంలో పెద్దను కాబట్టి, ఏటా డిసెంబర్ 31 రాత్రి కొత్త సంవత్సరం కోసం మేలుకుని చేసే వాచ్ నైట్ ఆరాధనకు నా సామాను చర్చి ఆవరణకు చేరుతుంది. ఈ మధ్య మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల వైపు సంఘాల యువకులు ఫోను చేసి, “అన్నా, మీరు నరకం గదులు వేస్తారట, ఎలా వేయాలో చెప్పండి” అని అడుగుతున్నారు. అంటే పాపం, దాని ఫలితం గుడ్డ గదుల్లో నటించి చూపిస్తూ, జనాన్ని ఒక్కో గదిలోంచి నడిపించడం. ఫోనులో సగం చెప్పి సగం మరిచిపోతున్నాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఈ పద్ధతి మనది కాదు, అమెరికాది. అక్కడ అక్టోబర్ 31న దయ్యాల వేషాల పండుగ ఉంటుంది. ఆ రోజుల్లో పిల్లలు టికెట్ కొని దయ్యాల కొంపల్లోకి వెళ్లి భయపడి వస్తారు. ఎలాగూ భయపడడానికి వెళ్తున్నారు కదా, ఆ భయంతోనే దేవుని వాక్యం చెబుదామని కొన్ని సంఘాలు అనుకున్నాయి. వర్జీనియా రాష్ట్రంలోని లించ్‌బర్గ్‌లో, జెర్రీ ఫాల్వెల్ స్థాపించిన కళాశాల యువకులు 1972లో అలాంటి ఇల్లు ఒకటి మొదలుపెట్టారు. తర్వాత కొలరాడోలో కీనన్ రాబర్ట్స్ అనే పాస్టర్ సంభాషణలు, శబ్దాలు, సూచనలన్నీ ఒక పెట్టెలో పెట్టి మిగతా సంఘాలకు అమ్మాడు. డల్లాస్ దగ్గర సీడర్ హిల్‌లో ఒక పెద్ద సంఘం ఏటా వేసేది. మా ఊరి అబ్బాయి ఒకడు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడు సెలవులకు వచ్చినప్పుడు ఈ సంగతులన్నీ చెప్పాడు. మా యువకులకు వెంటనే నచ్చింది, నాకూ నచ్చింది.

2013లో మొదటిసారి వేశాం. ఎలా వేయాలో చెప్పే ముందు, ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పాలి. కింద నేను రాసే ప్రతి మాటా ఆ రాత్రి నుంచి వచ్చిందే.

ఒక గదిలో పురుగుల మందు తాగిన రైతును చూపించాం. పత్తి పోయింది, అప్పు మిగిలింది, ప్రాణం తీసుకున్నాడు. ఎర్రటి వెలుతురులో ముగ్గురు కుర్రాళ్లు నల్లబట్టలు వేసుకుని అతన్ని ఈడ్చుకుపోతారు. అది చూస్తే ఇంకెవరూ అలాంటి పని చేయరని మా ఆలోచన. నేను బయటికి వచ్చే దారి దగ్గర తాడు బిగిస్తున్నాను. మా సంఘంలోనే ఉండే ఒక చెల్లెలు, తొమ్మిదేళ్ల కొడుకుతో లోపలికి వెళ్లింది. ఆమె భర్త అంతకు రెండేళ్ల ముందు అలాగే పోయాడు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ దినకర్మకు షామియానా వేసింది నేనే. అయినా ఆ గది వేస్తున్నప్పుడు ఆమె నాకు గుర్తుకు రాలేదు.

ఆమె అరవలేదు. వెదురు గుంజను రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది. పిల్లవాడు మాత్రం అందరికీ వినపడేలా అడిగాడు: “అమ్మా, నాన్న అక్కడే ఉన్నాడా?”

మర్నాడు పొద్దున మా పాస్టర్ అయ్యగారు, నేను వాళ్ల ఇంటికి వెళ్లాం. క్షమించమని అడిగాం. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి ఒక్క మాట అంది: “తువ్వాల కూడా అదే రంగుది వేశారన్నా.” మా కుర్రాళ్లు ఎవరింట్లోంచో తెచ్చిన ఆకుపచ్చ తువ్వాల అది. ఏ రైతు భుజం మీదైనా ఉండేదే. అయినా నాకు ఆ రంగు చూస్తే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

తర్వాత తెలిసింది, అమెరికా వాళ్లూ ఇదే పొరపాటు చేశారని. 1999 ఏప్రిల్‌లో కొలరాడోలోని కొలంబైన్ పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు తుపాకులతో 13 మందిని చంపారు. ఆ ఏడాదే సీడర్ హిల్ సంఘం ఆ కాల్పులను తమ గదుల్లో ఆడి చూపించింది. పిల్లలను పోగొట్టుకున్న తల్లులు ఇంకా ఏడుస్తూనే ఉన్నారు. చాలామంది తప్పుబట్టారు.

అందుకే మొదటి నియమం ఇది. చనిపోయిన వాళ్లను ఏ గదిలోనూ చూపించకండి. ఎవరు ఎక్కడికి వెళ్లారో తీర్పు చెప్పడం మన పని కాదు, అది దేవుని పని. ఇంకా సరిదిద్దుకునే వీలున్న తప్పునే చూపించండి. లోపలికి వచ్చిన మనిషి, ‘రేపు పొద్దున లేచి నేను ఇది మార్చుకోగలను’ అనుకునే విషయమే గదికి పనికొస్తుంది. ఆత్మహత్య, గర్భస్రావం, జబ్బుతో పోవడం, ఇవి వద్దే వద్దు. ఆ గాయాలున్న వాళ్లు మన బెంచీల మీదే కూర్చుని ఉంటారు.

ఇక కథ. మా మూడేళ్ల వెతుకులాట తర్వాత లూకా సువార్త 16వ అధ్యాయం దగ్గర ఆగాం. ధనవంతుడు, అతని వాకిట్లో పడి ఉన్న బీదవాడు లాజరు, ఇద్దరూ చనిపోయాక ఏమైందో చెప్పే కథ. అందులో నరకం ఉంది, మంట ఉంది, దాహం ఉంది. కానీ ఒకసారి నెమ్మదిగా చదవండి. ఆ ధనవంతుడు హత్య చేశాడని లేదు, దొంగతనం చేశాడని లేదు. వాకిట్లో కురుపులతో పడి ఉన్న మనిషిని దాటుకుంటూ రోజూ లోపలికీ బయటికీ తిరిగాడు, అంతే. బీదవాడికి పేరుంది, ధనవంతుడికి పేరు లేదు. పాతాళంలో యాతన పడుతూ కూడా, నీళ్లు పట్టుకుని లాజరును పంపమని అడుగుతాడే తప్ప లాజరుతో ఒక్క మాట మాట్లాడడు. భయం పుట్టించడానికి కొమ్ములు, శూలాలు ఎందుకు? ఇది చాలదా?

మా నడకలో ఆరు గదులు. మీరు మీ ఊరిని చూసి మార్చుకోండి. కానీ మొదటి గది, చివరి రెండు గదులు మాత్రం ఉంచండి.

మొదటిది వాకిలి. ఒక ఇనుప గేటు అద్దెకు తెచ్చి నిలబెట్టండి. గేటు లోపల వెలుగు, భోజనాలు, నవ్వులు. గేటు బయట ఒక అవ్వ, ఒడిలో సంచి. ఆ సంచిలో రెండు చీరలు, మందుల కవరు, స్టీలు పళ్లెం. ఇద్దరు కొడుకులు తల్లిని నెలకొకరు వంతులు వేసుకున్నారు. పెద్దవాడి నెల నిన్నటితో అయిపోయింది. చిన్నవాడి నెల రేపు మొదలవుతుంది. ఈ రోజు 31. ఆమె ఎవరి వంతులోనూ లేదు. డైలాగులు రాయకండి. లోపలి నుంచి ఒకడు వచ్చి గేటుకు గడియ పెట్టి వెళ్తాడు. ఆ గడియ చప్పుడు బాగా వినిపించాలి. మా దగ్గర ఆ గదిలో అవ్వ వేషం వేసేది నిజంగా డెబ్బై ఏళ్లు దాటిన అమ్మ. కుర్రవాళ్లకు తెల్ల జుట్టు పెట్టి కూర్చోబెడితే జనం నవ్వుతారు. ఆమె మాత్రం తలెత్తి లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరి ముఖంలోకీ చూస్తుంది. ఆ చూపు తట్టుకోవడం కష్టం. ఆమెను అరగంటకు మించి కూర్చోబెట్టకండి, చలి. దుప్పటి, వేడి టీ, మార్చి కూర్చోవడానికి ఇంకొక అమ్మ సిద్ధంగా ఉండాలి.

రెండోది ఫోను గది. కటిక చీకటి. ఒక అబ్బాయి మనకు వీపు పెట్టి కూర్చుంటాడు. ముఖం మీద ఫోను వెలుతురు తప్ప వేరే దీపం లేదు. పత్తి అమ్మిన డబ్బు పందెంలో పోతోంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణలో 2017లోనే నిషేధించారు, అయినా మన ఊళ్లలో ఎంతమంది పిల్లలు ఇంకా ఆడుతున్నారో మీకు తెలుసు. అతని వెనుక సాతాను నిలబడి ఉంటాడు.

సాతాను వేషం గురించి కాస్త ఆగి చెప్పాలి. ఎక్కువ సంఘాలు పొరపడేది ఇక్కడే. యువకులు నేరుగా నాటకాల సామాను అద్దెకిచ్చే చోటికి వెళ్లి యముడి కిరీటం, గద, పెద్ద మీసాలు తెస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మన పక్కింటి వాళ్లకు యముడు ధర్మరాజు, న్యాయం తప్పని దేవుడు. వాళ్ల దేవుణ్ణి తెచ్చి మన సాతానుగా నిలబెట్టడం వాళ్లను అవమానించడం, పైగా అబద్ధం కూడా. పోతరాజు పసుపు, వేపాకు, కొరడా కూడా అంతే, ముట్టుకోకండి. మా సాతాను ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుంటాడు. జుట్టు చక్కగా దువ్వుకుంటాడు. ఒక్కసారి కూడా గట్టిగా మాట్లాడడు. అబ్బాయి భుజం మీద చెయ్యి వేసి, “ఇంకొక్క ఆట తమ్ముడూ” అంటాడు. అదే మనిషి మూడో గదిలో బెల్టు షాపు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, నాలుగో గదిలో గ్లాసులు కడుగుతాడు. మూడోసారి కనిపించేసరికి జనం గుర్తుపడతారు. కొమ్ములున్నవాణ్ణి చూసి పారిపోవడం తేలిక, ఇతన్ని చూస్తే తెలిసిన మనిషిలాగే ఉంటాడు.

బెల్టు షాపు గది మీరే వేయగలరు. కూలి డబ్బు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్లడం, గుమ్మం దగ్గర బడి సంచితో ఒక పిల్ల నిలబడి ఉండడం, అంతకంటే ఏమీ అక్కర్లేదు. తాగి తూలడం, భార్యను కొట్టడం ఆడి చూపించకండి. దెబ్బలు తిన్న ఆడవాళ్లు చూస్తుంటారు.

నాలుగో గది గురించి మా సంఘంలోనే గొడవైంది. ఒక హోటల్ బల్ల, దాని మీద కులాన్ని బట్టి రెండు రకాల గ్లాసులు. కొందరికి స్టీలువి, కొందరికి విడిగా పెట్టినవి. చర్చిలో ఈ విషయం ఎందుకని కొందరు అడిగారు. అయ్యగారు ఒకటే అన్నారు: మన సంఘాల్లో సంబంధాలు కలుపుకునేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పండి. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. మాలలకొక మందిరం, మాదిగలకొక మందిరం ఉన్న ఊళ్లు మన జిల్లాలో లేవా? పరాయివాళ్ల పాపాలనే చూపిస్తే అది వాక్యం చెప్పడం కాదు, వేలు చూపడం. మీ నడకలో కనీసం ఒక గది మీ సంఘం సొంత తప్పు గురించి ఉండాలి.

ఐదోది అగాధం, లూకా కథలో చనిపోయాక ధనవంతుడికీ లాజరుకూ మధ్య దాటలేకుండా ఉన్నది. ఇందులో మనుషులెవరూ కనిపించరు. గది మధ్యలో అడ్డంగా తాడు కట్టి, అవతల ఆరడుగుల ఖాళీ వదిలి, ఆ చివర ఎత్తైన బల్ల మీద మట్టికుండ పెట్టండి. కుండకు అడుగున సన్నటి రంధ్రం. కింద ఇత్తడి బేసిన్. ఒక్కొక్క చుక్క పడుతుంది. బేసిన్ పక్కన చిన్న మైకు పెట్టి, శబ్దం గది నాలుగు మూలలా వినిపించేలా చేయండి. కుండ మీద మాత్రమే సన్నని వెలుతురు. కనాతు (గోడలా కట్టే గుడ్డ) వెనుక నుంచి ఎండిపోయిన గొంతుతో ఒక మనిషి, నాలుక తడుపుకోవడానికి ఒక్క చుక్క నీళ్లు అడుగుతాడు. తర్వాత తన తమ్ముళ్ల పేర్లు పిలుస్తాడు, ఐదుగురివీ, కథలో ధనవంతుడికి ఐదుగురు సహోదరులు కాబట్టి. ఆ పేర్లు మీ ఊళ్లో మామూలుగా వినిపించేవి కావాలి, కానీ ఏ ఒక్క కుటుంబానికీ సరిపోలకూడదు. నాలుగు నిమిషాలు, అంతే. కేకలు, ఉరుములు, సినిమా సంగీతం ఏవీ వద్దు. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన వాళ్లను చూస్తూ పెరిగిన జిల్లా మనది. మంచినీటి చుక్క విలువ ఇక్కడ ఎవరికీ చెప్పనవసరం లేదు. మంట కంటే ఈ చప్పుడుకే మా జనం ఎక్కువగా భయపడ్డారు.

ఆరో గదికి అంతకు ముందు ఐదింటికీ కలిపి పెట్టినంత శ్రద్ధ పెట్టండి. భయపెట్టి వదిలేయడం పాపమని నేను నమ్ముతాను. ప్రేమలో భయం ఉండదని, సంపూర్ణమైన ప్రేమ భయాన్ని వెళ్లగొడుతుందని యోహాను తన పత్రికలో రాశాడు కదా. ఈ గది పెద్దదిగా, పైకప్పు లేకుండా, బోలెడంత వెలుతురుతో ఉండాలి. తివాచీ పరవండి. గుమ్మంలోనే ఒకరు నిలబడి, వచ్చిన ప్రతి ఒక్కరికీ గ్లాసుతో నీళ్లు ఇవ్వాలి. అన్నీ ఒకే రకం గ్లాసులు. ఐదో గదిలోంచి వచ్చినవాళ్లు ఆ నీళ్లు తాగే తీరు మీరు చూడాలి. కొందరు తాగకుండా చాలాసేపు పట్టుకునే నిలబడతారు.

అక్కడ ప్రసంగం వద్దు, చేతులెత్తమనడం వద్దు, కాగితాల మీద సంతకాలు వద్దు. వేరే మతం వాళ్లు కూడా వస్తారు, వాళ్లు నీళ్లు తాగి సంతోషంగా ఇంటికి వెళ్లాలి. నలుగురు పెద్దలు, అందులో ఇద్దరు ఆడవాళ్లు, పక్కన కుర్చీల్లో కూర్చోవాలి. మాట్లాడాలనుకున్నవాళ్లు వచ్చి కూర్చుంటారు. వినడం తెలిసినవాళ్లనే అక్కడ పెట్టండి. మంచి ప్రసంగికుణ్ణి పెట్టకండి, అతను వినడు.

ఇక సామాను సంగతి, నా వృత్తి కాబట్టి గట్టిగా చెబుతున్నాను. 1984 మేలో అమెరికాలోని న్యూజెర్సీలో, ఒక వినోద పార్కులోని దయ్యాల కోటలో మంటలు లేచి 8 మంది టీనేజీ పిల్లలు చనిపోయారు. చీకటి, వంకర టింకర దారులు, లోపల స్పాంజి. మన దేశంలో హర్యానాలోని డబ్వాలీలో 1995 డిసెంబర్ 23న, పాఠశాల వేడుకకు వేసిన సింథటిక్ గుడ్డ పందిరి అంటుకుని 400 మందికి పైగా పోయారు, ఎక్కువమంది పిల్లలే. బయటికి రావడానికి సరైన దారి లేదు. నా సామాను ఎత్తే ప్రతి కుర్రవాడికీ పనిలో చేరిన రోజునే ఈ రెండో సంగతి చెబుతాను.

కాబట్టి నిప్పు అనేది లోపల ఉండకూడదు. కాగడా, కొవ్వొత్తి, సాంబ్రాణి, కర్పూరం ఏదీ వద్దు. హాలోజన్ దీపాలు వద్దు, అవి గుడ్డకు జానెడు దూరంలో ఉన్నా కాల్చేస్తాయి, నా కనాతులకే అలాంటి కంతలు పడ్డాయి. ఎల్ఈడీ దీపాలు వాడి, రంగు కావాలంటే ముందు రంగు కాగితం కట్టండి. థర్మకోల్ గోడలు వద్దు. మందపాటి నూలు కనాతులే వాడండి. పొగ యంత్రం కూడా నేను ఒప్పుకోను, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరి ఆడదు. ప్రతి గదికీ వచ్చే దారి, పోయే దారి కాక మూడోది ఒకటి ఉండాలి. అక్కడ కనాతును గట్టి ముడితో కట్టకండి, జారుముడి వేయండి, కొస లాగితే గుడ్డ మొత్తం కింద పడాలి. ఆ కొస దగ్గర తెల్ల గుడ్డ పీలిక కట్టి, ఒక మనిషిని నిలబెట్టండి. అతనికి ఆ రాత్రి వేరే పని చెప్పకండి. మేకులు, తాళ్లు నడిచే దారిలోకి రాకూడదు. మొదటి గది ముందు రెండు డ్రమ్ముల నీళ్లు, ఇసుక బకెట్లు. జనరేటర్ ఆవరణకు అవతల, డీజిల్ డబ్బా ఇంకా దూరంగా.

ఒక్కో గది పన్నెండు అడుగుల చదరం ఉంటే పన్నెండు మంది ఇబ్బంది లేకుండా నిలబడతారు. ఐదు నిమిషాలకొక గుంపును పంపండి. సాయంత్రం 7కు మొదలుపెట్టి 9కి చివరి గుంపును పంపితే 25 గుంపులు, మూడు వందల మంది. అరగంటలో చివరివాళ్లు కూడా బయటికి వచ్చేస్తారు. రాత్రి 10 దాటితే బయట మైకు పెట్టడానికి చట్టం ఒప్పుకోదు, ఆరాధన ఎలాగూ మందిరం లోపలే. పది రోజుల ముందే పోలీసు స్టేషన్‌లో దరఖాస్తు ఇవ్వండి. ఊరి సర్పంచ్‌ను, పక్క వీధి పెద్దలను ముందు రోజు పిలిచి నడిపించి చూపించండి. మా ఊళ్లో దేవాలయం కమిటీ పెద్దాయన ఒకరు వాకిలి గది చూసి, “ఈ అవ్వను మా జాతరలో కూడా కూర్చోబెట్టాలి” అన్నాడు.

పన్నెండేళ్ల లోపు పిల్లలను లోపలికి పంపకండి. తల్లులు బతిమాలినా పంపకండి. వాళ్ల కోసం మందిరం వెనుక సండే స్కూల్ టీచర్లు బొమ్మలు, పాటలతో కూర్చుంటారు. గర్భిణులకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు గుమ్మం దగ్గరే చెప్పండి. ఆ సంవత్సరం ఇంట్లో ఎవరైనా పోయినవాళ్ల జాబితా అయ్యగారి దగ్గర ఉంటుంది. డిసెంబర్ మొదటి వారంలోనే ఆ ఇళ్లకు వెళ్లి, ఏ గదిలో ఏముందో ముందే చెప్పిరండి. ఒక గది వాళ్లను బాధపెడుతుందనిపిస్తే ఆ గది తీసేయండి. నేను రెండుసార్లు కట్టిన గదిని విప్పేశాను.

జనవరి 1 ఆరాధన అయ్యాక సామాను విప్పుతాం. కానీ పని అక్కడితో అయిపోదు. ఆరో గదిలో కూర్చుని మాట్లాడినవాళ్ల ఇళ్లకు ఆ వారంలోనే వెళ్లాలి, ఇద్దరిద్దరుగా. నిరుడు ఒకతను వాకిలి గది చూసి, నీళ్ల గ్లాసు పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. తల్లి వాళ్ల అన్న ఇంట్లో ఉందని, రేపటి నుంచి తన నెల అని చెప్పాడు. ఇంకేమీ చెప్పలేదు. తెల్లారి మా ట్రాలీ ఆటోలో ఇద్దరం వెళ్లి ఆమెను తీసుకొచ్చాం. సంచి ఆమె తనే పట్టుకుంది, ఇవ్వమన్నా ఇవ్వలేదు. ఇక ఎక్కడికీ పంపనన్నాడు. మార్చిలో మళ్లీ వంతులు మొదలయ్యాయని తెలిసింది. వెళ్లి కూర్చుని మాట్లాడాం. ఏప్రిల్‌లో మళ్లీ వెళ్లాం. రేపు ఆదివారం ఆరాధన అయ్యాక ఇంకోసారి వెళ్తున్నాం.